ల్యాప్‌టాప్ వేగాన్ని ఎవరు తొక్కిపెడుతున్నారు?

బ్రౌజర్ తెరుచుకోవడానికి అర నిమిషం పడుతుంది. టైపు చేసిన అక్షరం కాసేపాగి తెర మీదికి వస్తుంది. వీడియో కాల్‌లో అవతలివాళ్ళ గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఇలా మొరాయించినప్పుడు చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే సలహాలు మనందరికీ తెలిసినవే. వైరస్ పట్టిందంటారు, ర్యామ్ పెంచమంటారు, ఫార్మాట్ చేసేయమంటారు, చివరికి పాతదైపోయింది, కొత్తది కొనుక్కోమంటారు. ఇవన్నీ చేసినా వేగం తిరిగిరాని ల్యాప్‌టాప్‌లు ఉంటాయి. అలాంటి దానిలో విండోస్‌తో పాటే వచ్చే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ కింద స్పీడ్ అని ఉన్న చోట చూడండి. 3 గిగాహెర్ట్జ్ దాటి పనిచేయగల ప్రాసెసర్ అక్కడ 0.39 దగ్గరో, 0.79 దగ్గరో ఆగిపోయి కనిపించవచ్చు. ఎంత పని అప్పగించినా ఆ అంకె కదలదు.

ఆ ప్రాసెసర్ పాడవలేదు. నెమ్మదిగా నడవమని దానికి ఎక్కడి నుంచో ఆదేశం అందింది. ఆదేశం ఇచ్చింది ఎవరో కనిపెట్టకుండా ర్యామ్ కొన్నా, ఫార్మాట్ చేసినా డబ్బూ సమయమూ దండగ. ఈ ఆదేశాలు ఎవరెవరు ఇవ్వగలరో, ఇచ్చినట్టు మనకెలా తెలుస్తుందో విడమరిచి చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు వేగం తగ్గించడమెందుకు? ప్రాసెసర్ తీసుకునే విద్యుత్తు దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీని బట్టి అయితే వర్గం చొప్పున, అంటే వోల్టేజీ రెట్టింపైతే నాలుగింతలుగా పెరుగుతుంది. వేగం పెంచాలంటే ఒక స్థాయి దాటాక వోల్టేజీ కూడా పెంచక తప్పదు. అందుకే చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసం అయ్యే విద్యుత్తు ఖర్చు, పుట్టే వేడి చాలా ఎక్కువ. 2017లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5 8250యూ సంగతే చూడండి. దాని మూల వేగం 1.6 గిగాహెర్ట్జ్, గరిష్ఠ వేగం 3.4. దానికి కేటాయించిన విద్యుత్తు 15 వాట్లు. నాలుగు కోర్లూ పూర్తి వేగంతో నడిస్తే అంతకు రెట్టింపు కూడా లాగగలదు. అందుకని ల్యాప్‌టాప్ తయారీదారులు రెండు హద్దులు పెడతారు. కొద్దిసేపు ఎంత వాడుకోవచ్చన్నది పీఎల్2, నిలకడగా ఎంత వాడుకోవచ్చన్నది పీఎల్1. ఆ కొద్దిసేపు చాలా ల్యాప్‌టాప్‌లలో 28 సెకన్ల లెక్కన ఉంటుంది. కాబట్టి పెద్ద పని మొదలుపెట్టిన అర నిమిషానికి వేగం కాస్త దిగడం లోపం కాదు. అది రూపకల్పనలోనే ఉంది.

చిక్కంతా ఈ హద్దుల్ని నిర్ణయించే అధికారం ఒకరి చేతిలో లేకపోవడంలో ఉంది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి విద్యుత్తు పొదుపు కోసం ఏపీఎం అనే ప్రమాణం తెచ్చినప్పుడు ఆ వ్యవహారం చాలావరకు బయోస్, అంటే మదర్‌బోర్డు చిప్పులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్, చూసుకునేది. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే మరో ప్రమాణం విడుదల చేశాయి. దాంతో పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారింది. 2000 జనవరిలో స్పీడ్‌స్టెప్‌తో వచ్చిన మొబైల్ పెంటియం 3 ప్రాసెసర్లు కరెంటు మీద 650 మెగాహెర్ట్జ్‌తో, బ్యాటరీ మీద 500తో నడిచేవి. ఉన్నవి ఆ రెండు వేగాలే కాబట్టి గందరగోళం కూడా తక్కువ. 2015లో ఇంటెల్ స్కైలేక్ తరంతో స్పీడ్ షిఫ్ట్ వచ్చాక క్షణక్షణం ఏ వేగంతో నడవాలో ప్రాసెసరే నిర్ణయించుకోవడం మొదలైంది. ఆపరేటింగ్ సిస్టమ్ తన ఇష్టాన్ని సూచించి ఊరుకుంటుంది. అధికారం ఇలా చేతులు మారుతూ వచ్చినా పాతవాళ్ళ అధికారం మాత్రం రద్దు కాలేదు. ఫర్మ్‌వేర్‌కు, అంటే బయోస్ లాగా యంత్రం చిప్పుల్లోనే ఉండే సాఫ్ట్‌వేర్‌కు, ఇప్పటికీ ఆ హక్కు ఉంది. విండోస్‌కూ ఉంది. వీటికి తోడు ల్యాప్‌టాప్ కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేర్‌ను మధ్యలో పెట్టింది.

పొలానికి నీళ్ళు తెచ్చే కాలువ మీద వరుసగా నాలుగు తూములు ఉన్నాయనుకోండి. మూడింటిని పూర్తిగా ఎత్తినా నాలుగోది బెత్తెడే తెరిచి ఉంటే, పొలానికి చేరేవి ఆ బెత్తెడు నీళ్ళే. ప్రాసెసర్ విషయంలోనూ అంతే. విండోస్‌లో హై పెర్ఫార్మెన్స్ ఎంచుకున్నా మార్పు లేదని చాలామంది వాపోతుంటారు. కారణం ఇదే. వాళ్ళు తెరిచింది ఒక తూమునే.

విండోస్ తూము దగ్గర చూడాల్సినవి కొన్నే. సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ ఏది ఉందో, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. పాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిస్తే మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ అనే అంకె ఉంటుంది. అది 100 ఉండాలి. 99 అని పెడితే ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క శాతంతో టర్బో, అంటే మూల వేగం దాటి నడిచే సౌకర్యం, మొత్తం ఆగిపోయి, 3.4 వరకు వెళ్ళాల్సిన ప్రాసెసర్ 1.6 దాటదు. వేడి తగ్గించే చిట్కాగా దీన్ని ఎంతోమంది చెబుతారు. వేసవిలో ఎవరో ఆ మార్పు చేసి మరిచిపోతారు, చలికాలంలో కూడా ల్యాప్‌టాప్ నెమ్మదిగానే ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్ళలో ఈ అంకె తెర మీద కనిపించకుండా దాగి ఉంటుంది కూడా. విండోస్ 11లో టాస్క్ మేనేజర్ జాబితాలో ఏదైనా ప్రోగ్రామ్ పక్కన ఆకుపచ్చ ఆకు గుర్తు ఉంటే, పొదుపు కోసం ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే తగ్గించి నడుపుతున్నారని అర్థం. అది మొత్తం ప్రాసెసర్‌కు సంబంధించినది కాదు.

రెండో తూము కంపెనీ సాఫ్ట్‌వేర్. లెనోవోకు వాంటేజ్, అసుస్‌కు మైఅసుస్, ఆర్మరీ క్రేట్, డెల్‌కు పవర్ మేనేజర్ ఇలా ఒక్కొక్కరికీ ఒక్కోటి ఉన్నాయి. ఫ్యాను చప్పుడు తగ్గించే నిశ్శబ్ద మోడ్ ఎంచుకుంటే ఇవి ఫ్యానును మాత్రమే తగ్గించి ఊరుకోవు. వేడే పుట్టకుండా పీఎల్1ని కూడా దించేస్తాయి. కొన్ని మోడళ్ళలో ఎఫ్ఎన్ కీతో కలిపి ఒక్క అక్షరం నొక్కితే చాలు, మోడ్ మారిపోతుంది. చేయి పొరపాటున తగిలినా అంతే. ఈ మోడ్ గుర్తు ల్యాప్‌టాప్ లోపల ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పులో ఉండే మోడళ్ళూ ఉన్నాయి. వాటిలో సాఫ్ట్‌వేర్‌ను తీసేసినా, విండోస్‌ను కొత్తగా వేసినా ఆ హద్దు అలాగే మిగిలిపోగలదు. ఫార్మాట్ చేసినా ఫలితం లేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను తిరిగి వేసి, మోడ్‌ను మార్చి, ఆ తర్వాత అక్కర్లేకపోతే తీసేయాలి.

మూడోది ఫర్మ్‌వేర్. నాలుగోది ప్రాసెసర్ చిప్పు తనకు తాను విధించుకునే రక్షణ. ఎక్కువమందిని ఏడిపించేది ఈ రెండింటి మధ్య నడిచే ఒక సంకేతం. దాని పేరు ప్రోక్‌హాట్. ప్రాసెసర్ భరించగల గరిష్ఠ ఉష్ణోగ్రత, అంటే చాలా ఇంటెల్ చిప్పుల్లో 100 డిగ్రీల దగ్గర, ఈ సంకేతం వెలువడి వేగం పడిపోతుంది. అంతవరకు న్యాయమే. అయితే ఈ తీగ రెండు వైపులా పనిచేస్తుంది. మదర్‌బోర్డు మీది ఇతర భాగాలు కూడా అదే తీగ మీద సంకేతం పంపి, ప్రాసెసర్ చల్లగా ఉన్నప్పటికీ దాన్ని తగ్గించమని చెప్పగలవు. ఇలా బయటి నుంచి వచ్చే సంకేతాన్ని బీడీ ప్రోక్‌హాట్ అంటారు. అది అందగానే ప్రాసెసర్ తన కనిష్ఠ వేగానికి, అంటే 400 లేదా 800 మెగాహెర్ట్జ్‌కు పడిపోతుంది. సంకేతం తొలగేవరకు అక్కడే ఉంటుంది. పంపింది విద్యుత్తు సరఫరా చేసే సర్క్యూటా, బ్యాటరీయా, ఛార్జర్‌ను గుర్తించే చిప్పా అన్నది ప్రాసెసర్‌కు తెలియదు. విండోస్‌కూ తెలియదు.

2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ ప్రో 6, సర్ఫేస్ బుక్ 2 వాడేవాళ్ళలో కొందరికి ఇదే ఎదురైంది. ఉన్నట్టుండి వాళ్ళ ప్రాసెసర్లు 400 మెగాహెర్ట్జ్‌కు పడిపోయి అక్కడే నిలిచిపోయాయి. ఆపరేటింగ్ సిస్టమ్, ఫర్మ్‌వేర్, యంత్రం మూడింటినీ తయారుచేసింది మైక్రోసాఫ్టే అయినా ఇలా జరిగింది. సమస్య ఉందని కంపెనీ ఒప్పుకొని, ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేస్తామని ప్రకటించింది. అంతకు ఏడాది ముందు, 2018 జులైలో, కొత్త మ్యాక్‌బుక్ ప్రోలు భారీ పని ఇస్తే మూల వేగం కంటే కిందికి దిగిపోతున్నాయని గగ్గోలు పుట్టింది. పలుచని యంత్రంలో ఐ9 ప్రాసెసర్ పెడితే ఇంతే అని చాలామంది తేల్చేశారు. కానీ ఆపిల్ పరిశీలించి, ఉష్ణోగ్రతను అదుపు చేసే వ్యవస్థ ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకుండా పోయిందని చెప్పింది. ఆ నెల 24న అప్‌డేట్ విడుదల చేసింది. యంత్రంలో ఒక్క స్క్రూ కూడా మారకుండానే వేగం మెరుగైంది. వేడి అనగానే ఫ్యాను వైపు చూడటం సహజమే. కానీ ఆ వేడిని చూసి నిర్ణయం తీసుకునేది సాఫ్ట్‌వేర్ అనే సంగతి మరిచిపోకూడదని ఈ ఉదంతం చూపిస్తుంది.

మన దగ్గర ఇంతకంటే మామూలు కారణం ఛార్జర్. డెల్ ల్యాప్‌టాప్‌ల గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది లాంటిది ఒకటి ఉంటుంది. తన సామర్థ్యం ఎన్ని వాట్లో ఛార్జర్ దాని ద్వారానే ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ సూది వంగినా, లోపలి సన్నని తీగ తెగినా, ఆ సమాచారం చెప్పే చిప్పు సరిగా లేని డూప్లికేట్ ఛార్జర్ పెట్టినా ల్యాప్‌టాప్‌కు సమాచారం అందదు. విద్యుత్తు వస్తూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది. కానీ ఎంత లాగవచ్చో తెలియని ఫర్మ్‌వేర్ బ్యాటరీని ఛార్జ్ చేయడం మానేసి, ప్రాసెసర్‌ను కనిష్ఠానికి దించుతుంది. ఛార్జర్ మీద ఎక్కువ భారం పడి కాలిపోకుండా ఇది నిజానికి మంచి జాగ్రత్తే. టైప్ సీ ఛార్జర్ల కాలంలో ఇది ఇంకో రూపంలో వస్తోంది. 65 వాట్లు కావాల్సిన ల్యాప్‌టాప్‌కు ఫోను ఛార్జర్ తగిలిస్తే, ఉన్న కాస్త విద్యుత్తుతో సర్దుకోవడానికి అది వేగం తగ్గించుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా అరిగిపోయినా ఇలా జరగవచ్చు, ఎందుకంటే ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ లాగినప్పుడు ఛార్జర్‌కు తోడు బ్యాటరీ కూడా కాస్త ఇస్తుంది. బ్యాటరీ ఊడదీయగలిగే పాత మ్యాక్‌బుక్‌లలో బ్యాటరీ తీసి కరెంటు మీదే నడిపితే ప్రాసెసర్ వేగం దానంతట అదే తగ్గేది. ఆ సంగతిని ఆపిల్ తన సహాయ పత్రాల్లోనే రాసింది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, వేరే చోట దొరికిన ఛార్జర్‌తో వాడుకునే విద్యార్థులు మన దగ్గర వేలల్లో ఉంటారు. వాళ్ళలో ఎందరో తమ ల్యాప్‌టాప్ పనికిరానిదని అనుకుంటూ నెట్టుకొస్తుంటారని తలచుకుంటే బాధ కలుగుతుంది. మంచి ఛార్జర్ ఒక్కటి చాలు.

గీత ఏం చెబుతోంది?

కారణం పట్టుకోవడానికి ఒక్క క్షణం కనిపించిన అంకె కంటే కొన్ని నిమిషాల గీత ఎక్కువ పనికొస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, ప్రాసెసర్‌కు ఐదు నిమిషాలు బరువైన పని ఇచ్చి, వేగాన్నీ ఉష్ణోగ్రతనూ పక్కపక్కన గమనించండి.

మొదటి అర నిమిషం వేగం పైన ఉండి, తర్వాత ఒక మెట్టు దిగి నిలకడగా సాగితే అది పీఎల్1 హద్దు. దిగిన మెట్టు మూల వేగానికి దగ్గరలో ఉంటే చింతించాల్సిన పని లేదు. మరీ కిందికి దిగితే నిశ్శబ్ద మోడ్ ఏదో ఆన్‌లో ఉన్నట్టు. ఉష్ణోగ్రత 95 దాటి, వేగం రంపపు పళ్ళలా పైకీ కిందికీ ఊగుతుంటే అది నిజమైన వేడి. దుమ్ము పట్టిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు, పరుపు మీద పెట్టి వాడటం అలాంటి కారణాలు వెతకాలి. మే నెలలో గది ఉష్ణోగ్రతే 38 డిగ్రీలు ఉండే మన ఊళ్ళలో, చల్లని దేశాల్లో రాసిన సమీక్షల్లోని వేగం రావాలని ఆశించకూడదు. ఉష్ణోగ్రత 60 దగ్గరే ఉన్నా వేగం మూల వేగం దగ్గర గీసినట్టు నిలిచిపోతే టర్బోను ఎవరో ఆపారు. ముందుగా ఆ 99 శాతం అంకెను చూడాలి. ఇక యంత్రం చల్లగా ఉండి, పని ఉన్నా లేకపోయినా వేగం 400 దగ్గరో 800 దగ్గరో బల్లపరుపుగా సాగితే అది బీడీ ప్రోక్‌హాట్ అని దాదాపు తేల్చేయవచ్చు. నిజమైన వేడి ఎప్పుడూ ఇంత నున్నటి గీత గీయదు.

మోసం చేసే గీత కూడా ఒకటుంది. క్లాక్ మాడ్యులేషన్ అనే పాత పద్ధతిలో ప్రాసెసర్ వేగం అంకెలో తగ్గదు. బదులుగా ప్రతి ఎనిమిది వంతుల కాలంలో కొన్ని వంతులే పనిచేసి, మిగతాది ఊరికే ఉంటుంది. తెర మీద 2.5 గిగాహెర్ట్జ్ అని కనిపిస్తుంది. జరిగే పని మాత్రం అందులో ఎనిమిదో వంతుకు కూడా పడిపోగలదు. అందుకే అంకెలను మాత్రమే నమ్మకుండా, ఒకే ఫైలును జిప్ చేయడానికి ఎంతసేపు పడుతోందో గడియారంతో కూడా చూసుకోవాలి. ఇలాంటిదే మరో తికమక ఉంది. చాలా విండోస్ వెర్షన్లలో టాస్క్ మేనేజర్ చూపే వినియోగ శాతం ప్రాసెసర్ వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మూల వేగం 1.6 ఉన్న ప్రాసెసర్ 0.4 దగ్గర ఇరుక్కుపోతే, అది ఊపిరాడనంత పనిలో ఉన్నా శాతం 25 దరిదాపుల్లోనే కనిపించవచ్చు. ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, కాబట్టి ర్యామో డిస్కో కారణమని మెకానిక్ పొరబడేది ఇక్కడే.

వేరు చేసి చూడటం

గీత అనుమానం ఇస్తుంది, రుజువుకు కొన్ని చిన్న పరీక్షలు చేయాలి. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మామూలుగా బ్యాటరీ మీద వేగం తగ్గాలి. అలా కాక, ఛార్జర్ తీయగానే వేగం పుంజుకుంటే దోషం ఛార్జర్‌దో, దాన్ని గుర్తించే సర్క్యూట్‌దో. అదే మోడల్‌కు తగిన ఛార్జర్ ఎవరిదైనా అడిగి పెట్టి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. తర్వాతి పరీక్ష, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో బూట్ చేయడం. దాన్ని ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అక్కడ కూడా 400 దగ్గరే ఉంటే విండోస్‌కూ, అందులోని ఏ ప్రోగ్రామ్‌కూ సంబంధం లేదని తేలినట్టే. ఫార్మాట్ ఖర్చు మిగిలింది. అక్కడ వేగం బాగుంటే విండోస్ వైపు తూములను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ రావచ్చు.

విండోస్ తన వంతుగా ఒక సాక్ష్యం రాసి పెడుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నల్ ప్రాసెసర్ పవర్ పేరుతో 37వ నంబరు ఈవెంట్ కోసం వెతకండి. సిస్టమ్ ఫర్మ్‌వేర్ ఈ ప్రాసెసర్ వేగాన్ని ఇన్ని సెకన్లుగా పరిమితం చేస్తోందని అందులో స్పష్టంగా ఉంటుంది. బూట్ అయిన కాసేపటికి ఒకటి రెండు కనిపించడం బాగున్న యంత్రాల్లోనూ ఉన్నదే. గంటల తరబడి వరుసగా ఉంటే మాత్రం పట్టించుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లకు థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్ మరో అడుగు ముందుకు వెళ్తుంది. అందులో లిమిట్ రీజన్స్ కిటికీ తెరిస్తే పీఎల్1, పీఎల్2, థర్మల్, బీడీ ప్రోక్‌హాట్ అన్న గళ్ళలో ఏది ఎర్రబడిందో చూసి, ప్రస్తుతం ఏ హద్దు తగులుతోందో చెప్పేయవచ్చు.

ఇరుక్కుపోయిన సంకేతాన్ని వదిలించడానికి మొదటి మందు పూర్తిగా ఆపడం. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సిస్టమ్ స్థితి కొంత డిస్కులో దాచుకుంటుంది, అందుకే ముందు రీస్టార్ట్ చేసి చూడాలి. అయినా మారకపోతే ఆపేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్ళలో ఎంబెడెడ్ కంట్రోలర్ కొత్తగా మొదలవుతుంది. ఆ తర్వాత కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఆ మోడల్ బయోస్ అప్‌డేట్ వేసుకోవాలి. వేడిని, విద్యుత్తును బట్టి ఈ హద్దులను సర్దే ఇంటెల్ డైనమిక్ ట్యూనింగ్ అనే డ్రైవర్ ఉంటే దాన్ని కూడా అక్కడి నుంచే తాజా చేసుకోవాలి. ఈ డ్రైవర్‌ను తీసేస్తే వేగం వస్తుందని చెప్పేవాళ్ళున్నారు. కొన్ని యంత్రాల్లో వస్తుంది. మరికొన్నింటిలో అదే పై హద్దులను ఇస్తుంది కాబట్టి తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

లినక్స్‌లో ఈ తేడా బాగా బయటపడింది. లెనోవో ల్యాప్‌టాప్‌లైన థింక్‌ప్యాడ్ టీ480, ఆరో తరం ఎక్స్1 కార్బన్ విండోస్‌లో చాలా ఎక్కువ ఉష్ణోగ్రత వరకు పూర్తి వేగంతో నడిచేవి. లినక్స్‌లో 80 డిగ్రీలకే తగ్గిపోయేవి. హద్దును పైకి జరిపే పని విండోస్ డ్రైవర్ చేస్తుండేది, లినక్స్‌లో ఆ పని చేసేవాళ్ళు లేరు. వాడుకరులు సొంతంగా ఒక పరిష్కారం రాసుకున్నారు. తర్వాత లెనోవో ఫర్మ్‌వేర్ వైపు నుంచి కూడా మార్పు తెచ్చింది. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో ఒళ్ళో పెట్టుకున్నామని సెన్సర్ గ్రహిస్తే, తొడలు కాలకుండా వేగం తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. నాకు నచ్చేది, లినక్స్‌లో ఆ కారణాన్ని అడిగి తెలుసుకోగలగడం. పవర్ ప్రొఫైల్స్ ఆదేశం ఇస్తే, ఒళ్ళో ఉన్నందున పెర్ఫార్మెన్స్ తగ్గిందని అది జవాబు చెబుతుంది.

థ్రాటిల్‌స్టాప్‌లో బీడీ ప్రోక్‌హాట్ గడిలో టిక్ తీసేస్తే వేగం వెంటనే తిరిగివస్తుంది. వీడియోల్లో చూపించే చిట్కా ఇదే. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కారణం ఏమిటో తెలియకముందు దాన్ని తీయవద్దు. ఛార్జర్ మంచిదే, ఉష్ణోగ్రతలు మామూలే, సెన్సర్ మాత్రమే తప్పుడు సంకేతం ఇస్తోందని తేలిన పాత యంత్రంలో అది అక్కరకొచ్చే ఉపాయం. కానీ ఆ సంకేతం పంపుతున్నది నిజంగా వేడెక్కుతున్న విద్యుత్తు సర్క్యూటో, సామర్థ్యం చాలని చౌక ఛార్జరో అయితే మనం తీసింది అడ్డంకి కాదు, రక్షణ. ఇక వోల్టేజీ తగ్గించి వేడి తగ్గించుకోమనే పాత సలహా చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో పనిచేయదు. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక తయారీదారులు ఆ దారిని బయోస్‌లోనే మూసేశారు.

లినక్స్ ఒక వాక్యంలో చెప్పగలిగిన కారణాన్ని, వేలు పోసి కొన్న ల్యాప్‌టాప్ తెర మీద మనకు తెలిసేలా తయారీదారులు ఎందుకు చూపించరు? ఛార్జర్ గుర్తించలేకపోయాం, అందుకే వేగం తగ్గించామన్న ఒక్క మాట విండోస్‌లో నిలిచి కనిపిస్తే ఎన్నో కుటుంబాలు అనవసరంగా కొత్త ల్యాప్‌టాప్ కొనే పని తప్పుతుంది. ఆ సమాచారం ఫర్మ్‌వేర్ దగ్గర ఉంది. కొన్ని కంపెనీలు బూట్ సమయంలో ఒక్కసారి చూపిస్తాయి, ఏదో కీ నొక్కగానే అది మాయమవుతుంది. వేగం తగ్గించే హక్కు ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఎందుకు తగ్గించిందో చెప్పే బాధ్యత కూడా ఉండాలి.

అది వచ్చేలోగా సర్వీస్ సెంటర్‌కు వెళ్ళేముందు మన సాక్ష్యం మనమే సిద్ధం చేసుకోవాలి. ఛార్జర్ ఉన్నప్పుడు, లేనప్పుడు టాస్క్ మేనేజర్ చూపిన వేగం, 37వ నంబరు ఈవెంట్, ఛార్జర్ మీద ముద్రించిన వాట్లు, బూట్‌లో వచ్చే హెచ్చరిక, అన్నింటినీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. మదర్‌బోర్డు మార్చాలని చెబితే, ముందుగా మరో ఒరిజినల్ ఛార్జర్‌తో మీ కళ్ళెదుట ఐదు నిమిషాలు నడిపి చూపించమని అడగండి.